అదృశ్య వాయువును పసిగట్టిన రూథర్‌ఫర్డ్

ఆహారం లేకుండా మనిషి కొన్ని వారాలు జీవించగలడు. నీరు లేకుండా కొన్ని రోజులు ఓర్చుకోగలడు. గాలి లేకుండా కొన్ని నిమిషాలైనా మనలేడు. ప్రాణాధారమైన ఆ గాలితో కలిసి రంగు, రుచి, వాసన లేని ఒక వాయువు నేల పొరలలో నుండి వెలువడి, పునాదుల పగుళ్ల గుండా ఇళ్లలోకి ప్రవేశిస్తూ ఉంటుంది. దాని పేరు రేడాన్. ఆరుబయట అది గాలిలో కలిసి పలచబడిపోతుంది. తలుపులు మూసిన ఇంటిలో మాత్రం పేరుకుపోతుంది. ఏళ్ల తరబడి దానిని పీల్చినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉన్నదని నేటి వైద్యశాస్త్రం నిర్ధారించింది. కంటికి కనిపించని ఈ వాయువు ఉనికిని లోకానికి తెలిపినవారిలో అగ్రగణ్యుడు ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్. పరమాణువు గర్భంలోని రహస్యాలను ఛేదించిన ఆ మహాశాస్త్రవేత్త జీవితం సాధారణమైన ఒక రైతు కుటుంబంలో ఆరంభమైంది.

రూథర్‌ఫర్డ్ 1871 ఆగస్టు 30న న్యూజిలాండ్ దేశంలో నెల్సన్ పట్టణానికి సమీపాన ఉన్న ఒక పల్లెలో జన్మించాడు. తండ్రి జేమ్స్ బాల్యంలోనే స్కాట్లాండ్ నుండి వలస వచ్చినవాడు. బండి చక్రాలు చేస్తూ, సేద్యం చేస్తూ కుటుంబాన్ని పోషించాడు. తల్లి మార్తా బడిపంతులమ్మగా పనిచేసింది. ఆ దంపతులకు పన్నెండుగురు సంతానం. వారిలో ఎర్నెస్ట్ నాలుగవవాడు. ఇంటిలో సంపద లేకపోయినా చదువు పట్ల గౌరవం ఉండేది. పిల్లలందరూ పొలం పనులలో, ఇంటి పనులలో పాలుపంచుకోవలసిందే. పదేళ్ల వయసులో ఎర్నెస్ట్ చేతికి భౌతికశాస్త్రాన్ని పరిచయం చేసే ఒక చిన్న పుస్తకం వచ్చింది. చూసి నమ్మడం కాదు, చేసి తెలుసుకోవడమే శాస్త్రమని ఆ పుస్తకం అతనికి నేర్పింది.

1886లో ఆ కుటుంబంపై పిడుగువంటి విషాదం పడింది. ఎర్నెస్ట్ తమ్ముళ్లు ఇద్దరు సముద్రపు పాయలో మునిగి మరణించారు. ఆ దుఃఖం నుండి తల్లి చాలాకాలం తేరుకోలేకపోయింది. మరుసటి ఏడాది ఎర్నెస్ట్ విద్యార్థివేతనం సంపాదించి నెల్సన్ కళాశాలలో చేరాడు. అక్కడినుండి క్రైస్ట్‌చర్చ్ నగరంలోని కాంటర్‌బరీ కళాశాలకు వెళ్లి గణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ ప్రథమశ్రేణిలో పట్టభద్రుడయ్యాడు. చదువు ముగిసిన తరువాత ఉపాధ్యాయ ఉద్యోగం కోసం ప్రయత్నించినా అది అందలేదు. ఆ తరుణంలో ఇంగ్లండులో పరిశోధన చేయడానికి ఇచ్చే ఒక విద్యార్థివేతనానికి దరఖాస్తు చేశాడు. అది మొదట మరొక అభ్యర్థికి దక్కింది. ఆ అభ్యర్థి వెళ్లలేనని విరమించుకోవడంతో అవకాశం రూథర్‌ఫర్డ్‌ను వరించింది. ఆ వార్త అందినప్పుడు ఆయన పొలంలో బంగాళాదుంపలు తవ్వుతున్నాడని, చేతిలోని పలుగు పక్కన పడవేసి ఇక తాను దుంపలు తవ్వబోనని తల్లితో అన్నాడని చెబుతారు.

1895లో రూథర్‌ఫర్డ్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ శిష్యుడిగా చేరాడు. భౌతికశాస్త్రానికి అది మహోజ్జ్వలమైన కాలం. అదే సంవత్సరం చివర రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. 1896లో బెకరెల్ యురేనియం లవణాల నుండి వింత కిరణాలు వెలువడుతున్నాయని గమనించాడు. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్ ఉనికిని నిరూపించాడు. రేడియో తరంగాలపై పనిచేస్తున్న రూథర్‌ఫర్డ్ గురువు సూచన మేరకు ఈ కొత్త మార్గంలోకి మళ్లాడు. యురేనియం కిరణాలలో రెండు రకాలున్నాయని గుర్తించాడు. పలుచని రేకును కూడా దాటలేక ఆగిపోయేవాటికి ఆల్ఫా కిరణాలని, మరింత లోతుగా చొచ్చుకుపోయేవాటికి బీటా కిరణాలని పేర్లు పెట్టాడు. ఆ పేర్లే నేటికీ నిలిచి ఉన్నాయి.

1898లో, ఇరవై ఏడేళ్ల వయసులో, రూథర్‌ఫర్డ్ కెనడాలోని మాంట్రియల్ నగరానికి ఆచార్యుడిగా వెళ్లాడు. అక్కడి మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర భవనాన్ని విలియం మెక్‌డొనాల్డ్ అనే పొగాకు వ్యాపారి కట్టించాడు. విచిత్రమేమంటే పొగాకుతో కోట్లు గడించిన ఆ దాతకు పొగతాగడమంటే పరమ అసహ్యం. రూథర్‌ఫర్డ్‌కు పొగతాగే అలవాటు ఉండేది. దాత వస్తున్నాడని తెలియగానే ప్రయోగశాలలో కిటికీలు తెరిచి పొగ వాసన బయటికి పంపేవారని చెప్పుకుంటారు. గాలి రాకపోకలకు ఆ భవనంలో అంతకంటే గొప్ప ప్రాధాన్యం రాబోతున్నదని అప్పటికి ఎవరూ ఊహించలేదు.

అదే విశ్వవిద్యాలయంలో విద్యుత్ ఇంజనీరింగ్ బోధించే ఓవెన్స్ అనే ఆచార్యుడు రూథర్‌ఫర్డ్‌తో కలిసి థోరియం లోహ సమ్మేళనాలను పరీక్షించసాగాడు. వారికి ఒక చిక్కు ఎదురైంది. యురేనియంతో చేసినప్పుడు పరికరం ఎప్పుడూ ఒకే విధమైన కొలత చూపేది. థోరియంతో చేసినప్పుడు మాత్రం కొలతలు స్థిరంగా ఉండేవి కావు. గదిలో తలుపు తెరిస్తే ఒక విధంగా, మూస్తే మరొక విధంగా వచ్చేవి. చిన్న గాలి వీచినా పరికరం ముల్లు చలించేది. ఇటువంటి సందర్భంలో పరికరం చెడిపోయిందని భావించి ప్రయోగాన్ని విడిచిపెట్టడం సులభం. రూథర్‌ఫర్డ్ ఆ పని చేయలేదు. కిరణాలను గాలి కదిలించలేదు. కాబట్టి గాలి కదిలించగలిగినది ఏదో థోరియం నుండి బయలుదేరుతున్నదని ఆయన తర్కించాడు.

ఆ తర్కాన్ని పరీక్షించడానికి ఆయన థోరియం ఆక్సైడు మీదుగా గాలిని మెల్లగా పంపి, ఆ గాలిని వేరొక పాత్రలో పట్టాడు. థోరియం లేని ఆ పాత్రలో కూడా రేడియోధార్మికత కనిపించింది. గాలిని పంపడం ఆపిన తరువాత అది క్రమంగా తగ్గసాగింది. సుమారు ఒక నిమిషంలో సగమైంది. మరొక నిమిషంలో ఆ సగంలో సగమైంది. రేడియోధార్మిక పదార్థానికి అర్ధాయువు అనేది ఒకటి ఉంటుందన్న భావన ఇలా పుట్టింది. థోరియం నుండి వెలువడే ఈ వాయురూప పదార్థాన్ని ఉద్గారమని పిలుస్తూ 1900లో ఆయన పరిశోధన పత్రం ప్రకటించాడు. ఆ సంవత్సరమే జర్మనీలోని హాలె నగరంలో ఫ్రెడరిక్ డోర్న్ రేడియం కూడా అటువంటి ఉద్గారాన్ని ఇస్తుందని కనుగొన్నాడు. ఇవి రెండూ ఒకే మూలకానికి చెందిన రెండు రూపాలని తరువాత తేలింది. ఆ మూలకమే రేడాన్. రేడియం నుండి పుట్టే రేడాన్ అర్ధాయువు సుమారు 3.8 రోజులు. ఇళ్లలో ఎక్కువ హాని కలిగించేది ఇదే. నేలలో పుట్టి, మట్టి సందులగుండా పైకి పాకి, ఇంటిలో చేరడానికి ఆ వ్యవధి చాలును.

రూథర్‌ఫర్డ్ మరొక సంగతిని కూడా గమనించాడు. ఆ ఉద్గారం తాకిన వస్తువులపై కంటికి కనిపించని ఒక ఘనపదార్థపు పూత ఏర్పడి, అది కూడా కొంతకాలం కిరణాలను వెదజల్లుతున్నది. వాయువు నశిస్తూ ఘనపదార్థాన్ని విడిచిపోతున్నదన్నమాట. ఆనాడు అది ప్రయోగశాలలోని ఒక వింత మాత్రమే. రేడాన్ మనిషికి చేసే కీడు మొత్తం ఈ వింతలోనే దాగి ఉన్నదని గ్రహించడానికి అర్ధశతాబ్ది పట్టింది. రేడాన్ వాయువు చాలావరకు పీల్చిన ఊపిరితోనే బయటికి వెళ్లిపోతుంది. అది విడిచిన పొలోనియం మొదలైన ఘనకణాలు ధూళిని అంటిపెట్టుకొని ఊపిరితిత్తులలో తిష్ఠవేస్తాయి. అక్కడ అవి వెలువరించే ఆల్ఫా కణాలు సున్నితమైన కణజాలాన్ని గాయపరుస్తాయి. చర్మాన్ని దాటలేని ఆల్ఫా కణం శరీరం లోపల చేరితే అంతటి అపాయకారి అవుతుంది.

ఈ పరిశోధనలలో రూథర్‌ఫర్డ్‌కు తోడ్పడినవారిలో హారియెట్ బ్రూక్స్ అనే యువతి ముఖ్యురాలు. స్త్రీలకు ప్రయోగశాలల తలుపులు అంతగా తెరుచుకోని ఆ రోజులలో ఆమె ఆయన పర్యవేక్షణలో పరిశోధన చేసి పట్టం పొందింది. రేడియం ఉద్గారం బరువైన వాయువని వారిద్దరూ కలిసి 1901లో చూపారు. తరువాత అమెరికాలోని ఒక మహిళా కళాశాలలో బోధిస్తున్నప్పుడు ఆమెకు వివాహం నిశ్చయమైంది. పెళ్లాడదలచిన స్త్రీ ఉద్యోగం వదులుకోవాలన్న నాటి నియమం ఆమెకు అడ్డు తగిలింది. ఆ నియమం న్యాయం కాదని ఆమె ధైర్యంగా వాదించింది. కొంతకాలానికి ఆమె పరిశోధన రంగానికి దూరమైంది. 1933లో ఆమె మరణించినప్పుడు ఆమె ప్రతిభను స్మరిస్తూ రూథర్‌ఫర్డ్ స్వయంగా సంస్మరణ వ్యాసం రాశాడు.

1900లో రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ మెక్‌గిల్‌కు వచ్చాడు. ఆ ఉద్గారం ఏ రసాయనంతోనూ కలవని జడవాయువని అతడు గుర్తించాడు. థోరియం వంటి లోహం నుండి దానికి ఏమాత్రం పోలిక లేని వాయువు పుడుతున్నదంటే ఒక మూలకం మరొక మూలకంగా మారుతున్నదని అర్థం. పరమాణువు అవిభాజ్యమని, శాశ్వతమని శతాబ్దాలుగా నమ్ముతూ వచ్చిన శాస్త్రలోకానికి ఇది జీర్ణం కాని మాట. పాతకాలపు రసవాదుల భ్రమగా దీనిని కొట్టివేస్తారేమోనని సహచరులు భయపడ్డారు. రూథర్‌ఫర్డ్, సాడీలు వెనుకకు తగ్గక తమ సిద్ధాంతాన్ని 1902లో ప్రకటించారు. యురేనియం క్రమంగా రేడియంగా, రేడియం రేడాన్‌గా, రేడాన్ పొలోనియంగా మారుతూ చివరకు సీసమై స్థిరపడుతుందన్న వంశవృక్షం ఈ మార్గంలోనే తేటపడింది. భూమిలో యురేనియం ఉన్నంతకాలం రేడాన్ పుడుతూనే ఉంటుంది. దానిని నిర్మూలించడం అసాధ్యం. మన ఇంటిలో చేరకుండా చూసుకోవడమే సాధ్యం.

1907లో రూథర్‌ఫర్డ్ ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి మారాడు. మరుసటి సంవత్సరం ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. భౌతికశాస్త్రజ్ఞుడైన ఆయనకు ఆ బహుమానం రసాయనశాస్త్రంలో రావడం విశేషం. తాను ఎన్నో మూలకాల పరివర్తనలను చూశానని, భౌతికశాస్త్రజ్ఞుడి నుండి రసాయన శాస్త్రజ్ఞుడిగా తాను మారినంత వేగంగా మరేదీ మారలేదని ఆయన చమత్కరించాడు. మాంచెస్టర్‌లో ఆయనకు రేడాన్ వాయువే ముఖ్య సాధనమైంది. అతి పలుచని గోడలు గల గాజు గొట్టంలో ఆ వాయువును నింపి, దాని నుండి వెలువడే ఆల్ఫా కణాలే హీలియంగా మారుతున్నాయని రాయిడ్స్‌తో కలిసి నిరూపించాడు. గైగర్, మార్స్‌డెన్ అనే శిష్యులు బంగారు రేకుపైకి ఆల్ఫా కణాలను పంపగా కొన్ని కణాలు వెనుకకు తిరిగి వచ్చాయి. ఆ వింత ఫలితాన్ని ఎంతో మథించి, పరమాణువు మధ్యలో అతిసూక్ష్మమైన కేంద్రకం ఉన్నదని 1911లో రూథర్‌ఫర్డ్ ప్రకటించాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయన శిష్యబృందాన్ని చెల్లాచెదురు చేసింది. అసమాన ప్రతిభావంతుడైన మోజ్లీ 1915లో గాలిపోలి యుద్ధరంగంలో నేలకొరిగాడు. రూథర్‌ఫర్డ్ సముద్రగర్భంలోని జలాంతర్గాములను పసిగట్టే పద్ధతులపై పనిచేస్తూనే తన పరిశోధనను కొనసాగించాడు. ఆల్ఫా కణాలతో నైట్రోజన్ కేంద్రకాన్ని ఢీకొట్టించి మార్చగలిగిన సంగతిని 1919లో వెల్లడించాడు. అదే ఏడాది కావెండిష్ ప్రయోగశాలకు అధిపతి అయ్యాడు. ఆయన శిక్షణలో చాడ్విక్ 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. 1930లో ఏకైక కుమార్తె ఐలీన్ మరణం ఆయనను కుంగదీసింది. మరుసటి సంవత్సరం బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ప్రభువు బిరుదమిచ్చి గౌరవించింది. 1933లో జర్మనీ నుండి తరిమివేయబడిన విద్వాంసులను ఆదుకునే సంఘానికి ఆయన అధ్యక్షత వహించి ఎందరికో నీడ కల్పించాడు.

భారతీయ విజ్ఞాన మహాసభ రజతోత్సవాలు 1938 జనవరిలో కలకత్తాలో జరగవలసి ఉండగా, వాటికి అధ్యక్షత వహించడానికి రూథర్‌ఫర్డ్ అంగీకరించాడు. విధి మరొక విధంగా తలచింది. హెర్నియా వ్యాధి ముదరడంతో శస్త్రచికిత్స జరిగినా ఫలితం లేక 1937 అక్టోబరు 19న ఆయన కేంబ్రిడ్జిలో కన్నుమూశాడు. కలకత్తా సభకు ఆయన స్థానంలో జేమ్స్ జీన్స్ అధ్యక్షుడయ్యాడు. రూథర్‌ఫర్డ్ చితాభస్మాన్ని లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటన్ సమాధి చెంత నిక్షిప్తం చేశారు.

ఆయన కనుగొన్న ఉద్గారం కథ మాత్రం అక్కడితో ముగియలేదు. జర్మనీలోని ష్నీబర్గ్ గనులలో పనిచేసేవారు నడివయసులోనే శ్వాసకోశ వ్యాధితో మరణిస్తూ ఉండేవారు. అది ఊపిరితిత్తులలో పుట్టిన కంతి అని 1879లోనే వైద్యులు గుర్తించారు. కారణం మాత్రం తెలియలేదు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఎల్‌స్టర్, గైటెల్ అనే ఇద్దరు జర్మన్ ఉపాధ్యాయులు గుహలలోని గాలిలో, నేలమాళిగలలోని గాలిలో రేడియోధార్మికతను కనుగొన్నారు. అయినా ప్రజలు దానిని ప్రమాదంగా తలచలేదు. పైగా రేడియం నీరు ఆరోగ్యాన్నిస్తుందని నమ్మి, డబ్బిచ్చి కొని తాగారు. తెలియని విషాన్ని అమృతమని భ్రమించడం అజ్ఞానం చేసే కీడులలోకెల్లా పెద్దది.

నివాసగృహాలలోని రేడాన్ గురించి లోకం ఉలిక్కిపడింది 1984లో. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో నిర్మాణంలో ఉన్న ఒక అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే ఇంజనీరు ద్వారం దాటినప్పుడల్లా రేడియోధార్మికతను పసిగట్టే గంటలు మోగసాగాయి. కేంద్రంలో ఇంకా విద్యుదుత్పత్తి మొదలే కాలేదు. పరిశీలించగా ఆ ధార్మికత అతని ఇంటి నుండి వస్తున్నదని తేలింది. ఆ ఇంటిలో రేడాన్ అనుమతించదగిన స్థాయికి వందల రెట్లు ఉన్నది. కర్మాగారంలో ఉండవలసిన ప్రమాదం పడకగదిలో ఉన్నది. 1988లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడాన్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఇంటిలోని రేడాన్ ఘనపు మీటరు గాలికి 100 బెకరెల్‌లకు మించకుండా చూడడం మంచిదని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అక్కడి పరిస్థితులలో అది సాధ్యపడని దేశాలు కూడా 300 బెకరెల్‌లు దాటనీయరాదని చెప్పింది.

రూథర్‌ఫర్డ్ థోరియం ఉద్గారాన్ని పట్టుకున్న కెనడాలో ఈ సమస్య తీవ్రమైనది. అక్కడ దీర్ఘమైన శీతకాలంలో తలుపులు, కిటికీలు బిగించి ఉంచుతారు. ఇంటి లోపలి వెచ్చని గాలి పైకి లేచి బయటికి పోతుంటే, ఆ లోటు తీర్చడానికి నేలమాళిగ నుండి మట్టిలోని గాలి లోపలికి లాగబడుతుంది. దానితో పాటు రేడాన్ కూడా వస్తుంది. ఆ దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తరువాత రెండవ కారణం రేడాన్. అందువల్ల 2007లో అక్కడి ప్రభుత్వం ఇళ్లలో హద్దును 800 బెకరెల్‌ల నుండి 200కు తగ్గించింది. పొగతాగేవారికి ఈ ముప్పు తాగనివారికంటే సుమారు 25 రెట్లు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగాకు ధనంతో కట్టిన భవనంలో బయటపడిన వాయువుకు పొగాకే తోడుదొంగ కావడం ఆలోచింపజేసే విషయం.

రేడాన్‌ను ఇంద్రియాలతో గుర్తించలేము. పొరుగింటిలో తక్కువగా ఉన్నంత మాత్రాన మన ఇంటిలోనూ తక్కువగా ఉండాలన్న నియమం లేదు. పరీక్షించడం ఒక్కటే మార్గం. బొగ్గు నింపిన చిన్న డబ్బీని కొద్ది రోజులు ఇంటిలో ఉంచి ప్రయోగశాలకు పంపడం ఒక పద్ధతి. ఆల్ఫా కణాలు తాకినప్పుడు గుర్తులు పడే ప్లాస్టిక్ పలకను కనీసం మూడు నెలలపాటు ఉంచి, ఆ గుర్తులను లెక్కించడం మరొక పద్ధతి. వాతావరణాన్ని బట్టి, తలుపులు తెరవడాన్ని బట్టి కొలతలు మారుతుంటాయి కనుక దీర్ఘకాల పరీక్షే ఎక్కువ విశ్వసనీయం. మెక్‌గిల్‌లో తలుపు తెరిచినప్పుడు ఓవెన్స్‌ను చికాకుపరచిన మార్పుకు, దీనికి కారణం ఒక్కటే.

స్థాయి ఎక్కువగా ఉన్నట్లు తేలినా భయపడవలసిన పనిలేదు. నేల పగుళ్లను, గొట్టాల చుట్టూ ఉన్న సందులను పూడ్చడం మొదటి పని. గాలి ధారాళంగా వచ్చిపోయే ఏర్పాటు చేయడం రెండవది. స్థాయి మరీ అధికమైతే గచ్చుకు రంధ్రం చేసి, దాని కిందికి ఒక గొట్టం దింపి, పంకా సహాయంతో నేలలోని గాలిని పీల్చి ఇంటి కప్పుపై విడిచిపెడతారు. సక్రమంగా అమర్చినప్పుడు ఈ ఏర్పాటుతో రేడాన్ పదింట ఎనిమిది, తొమ్మిది వంతుల వరకు తగ్గుతుంది. కొత్త ఇల్లు కట్టేటప్పుడే గొట్టాన్ని అమర్చుకుంటే ఖర్చు ఇంకా స్వల్పం. మన హైదరాబాదు నగరం గ్రానైటు శిలలపై నెలకొని ఉంది. గ్రానైటులో ఇతర శిలలలో కంటే యురేనియం సాధారణంగా కొంత ఎక్కువగా ఉంటుంది. కిటికీలు తెరిచి ఉంచే అలవాటు మనకు సహజరక్షణ. శీతల యంత్రాల కోసం గదులను బిగించి మూసుకొనే నగరవాసులు గాలి ప్రసారం సంగతిని మరువరాదు.

1997లో 104వ మూలకానికి రూథర్‌ఫర్డియం అన్న పేరు స్థిరపడింది. న్యూజిలాండ్ తన 100 డాలర్ల నోటుపై ఆయన చిత్రాన్ని ముద్రించుకుంది. ఈ గౌరవాలన్నిటి వెనుక ఉన్న గుణం ఒక్కటే. కొలత తప్పుతున్నప్పుడు ఆయన పరికరాన్ని నిందించలేదు. ప్రకృతి ఏదో చెబుతున్నదని చెవి ఒగ్గాడు. తలుపు సందులోంచి వచ్చిన చిరుగాలిని అలక్ష్యం చేయకపోవడం వల్ల ఒక మూలకం బయటపడింది, పరమాణువు శాశ్వతమన్న నమ్మకం చెదిరింది, శతాబ్ది తరువాత ఎన్నో కుటుంబాలకు తమ ఇంటి గాలిని కాపాడుకునే దారి దొరికింది. కనిపించనిది లేనట్లు కాదు. దానిని కొలిచి చూసే ఓపిక, తెలిసిన మీదట సరిదిద్దుకునే శ్రద్ధ ఉన్న సమాజమే ఆరోగ్యంగా మనగలుగుతుంది.